వెండి బిళ్ళ మీద అచ్చుతప్పు: పారేయాలా, దాచుకోవాలా?



మీ ఇంటి బీరువాలో కనీసం ఒక వెండి బిళ్ళ ఉండే ఉంటుంది. గృహప్రవేశానికి ఎవరో పెట్టినదో, ధనత్రయోదశికి మీరే కొన్నదో, చిట్టీ కంపెనీ పండగ కానుకగా ఇచ్చినదో. ఒకవైపు లక్ష్మీదేవి, మరోవైపు బరువు, స్వచ్ఛత, కంపెనీ గుర్తు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలికి నెట్టేస్తాం, మళ్ళీ దీపావళి పూజకే బయటికి తీస్తాం.

ఈసారి తీసినప్పుడు దాన్ని ఒక భూతద్దంతో పాటు మీ పిల్లల చేతికి ఇవ్వండి. పది నిమిషాలు పోయాక, "అమ్మా, లక్ష్మీదేవి మధ్యలో లేదేంటి? పక్కకు జరిగింది" అని అడిగినా అడగవచ్చు. అప్పుడు మన నోటికి మామూలుగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "డిఫెక్ట్ ముక్క అంటగట్టారు, రేపే మార్చేద్దాం." రెండోది, "ఆగు, ఇలాంటివాటికి లక్షలు వస్తాయని యూట్యూబ్‌లో చూశాను."

రెండూ తొందరపాటు జవాబులే. ప్రపంచంలో చాలామంది ఇలా అచ్చు తప్పిన బిళ్ళల్ని, టోకెన్లని ఏరి దాచుకుంటారు. వాళ్ళు ముందుగా వేసుకునే ప్రశ్న ధర గురించి ఉండదు. "ఈ తప్పు తయారీలో ఎక్కడ జరిగింది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పిల్లలతో కలిసి జవాబు వెతకడం ఎలాగో ఈ నెల చూద్దాం.

నాణెం వేరు, బిళ్ళ వేరు

నాణెం అంటే ప్రభుత్వం విడుదల చేసిన డబ్బు. మన దేశంలో నాణేలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లోని నాలుగు ప్రభుత్వ టంకశాలల్లో తయారవుతాయి. మీ జేబులోని రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో పుట్టింది. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ గుర్తు ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచింది. మింట్ కాంపౌండ్ అంటే మనలో చాలామందికి కరెంటు ఆఫీసే గుర్తొస్తుంది కానీ, ఆ పేరు వచ్చింది ఈ టంకశాల వల్లే. 1997లో కొత్త టంకశాల చర్లపల్లిలో మొదలైంది.

వెండి బిళ్ళ నాణెం కాదు. దాని మీద 'ఇన్ని రూపాయలు' అని ఉండదు, బరువు మాత్రమే ఉంటుంది. దాన్ని ప్రైవేటు కంపెనీలో, నగల వ్యాపారులో, దేవస్థానాలో చేయిస్తారు. తిరుమలలో టీటీడీ అమ్మే శ్రీవారి డాలర్లు ఈ కోవలోవే. అమెరికాలో ఇలాంటి ప్రైవేటు వెండి బిళ్ళను నాణెం అనరు, 'రౌండ్' అంటారు. అక్కడ మామూలు కొలత ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. మనకు ఆ తేడా కోసం కొత్త మాట అక్కర్లేదు. బిళ్ళ, డాలరు అనే మాటలు ముందే ఉన్నాయి.

మూడోది టోకెన్. డబ్బుకు బదులుగా ఒక చోట మాత్రమే చెల్లేది. మాల్‌లోని ఆటల జోన్‌లో స్వైప్ కార్డులు రాకముందు మెషిన్‌లో వేసే ఇత్తడి టోకెన్లు ఉండేవి. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే నంబరు బిళ్ళ కూడా టోకెనే. బొగ్గు గనుల్లో నంబరు బిళ్ళ చూపించి దీపం తీసుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉండేది. భూపాలపల్లి బ్రాంచి పిల్లలు సింగరేణిలో పనిచేసి రిటైరైన తాతయ్యల్ని ఈ సంగతి అడిగి చూడాలి. అమెరికాలో 1965 ప్రాంతంలో వెండి డాలర్లకు కొరత వచ్చినప్పుడు నెవాడా రాష్ట్రంలోని కేసినోలు నాణేలకు బదులు సొంత లోహపు టోకెన్లు చేయించుకున్నాయి. 1990ల్లో మధ్యలో వెండి, చుట్టూ ఇత్తడి రింగు ఉన్న టోకెన్లు కూడా వచ్చాయి. జూదంతో సంబంధం లేనివాళ్ళు కూడా ఇప్పుడు వాటిని, ముఖ్యంగా అచ్చు తప్పినవాటిని, సేకరిస్తున్నారు.

అచ్చు ఎలా పడుతుంది?

తప్పు అర్థం కావాలంటే ముందు ఒప్పు తెలియాలి. వంటింట్లోంచి మొదలుపెడదాం. పూరీ పిండిని పెద్దగా ఒత్తి, డబ్బా మూతతో గుండ్రంగా కోస్తాం కదా. వెండిదీ అదే వరస. కరిగించిన వెండిని పట్టీగా పోసి, రోలర్ల మధ్య సరైన మందానికి సాగదీస్తారు. పంచ్ మెషిన్ ఆ పట్టీలోంచి గుండ్రటి బిళ్ళల్ని కోస్తుంది. ఇంకా బొమ్మ పడని ఈ బిళ్ళను 'బ్లాంక్' అంటారు. సాగదీసిన వెండి గట్టిపడుతుంది కాబట్టి బ్లాంకుల్ని కొలిమిలో వేడి చేసి మెత్తబరుస్తారు. తర్వాత అంచు లేపి, కడిగి, ఆరబెడతారు.

చివరిది ప్రెస్. అందులో మూడు భాగాలుంటాయి. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం. బ్లాంకు వలయంలో కూర్చుంటుంది. పై అచ్చు టన్నుల బరువుతో దిగుతుంది. క్షణంలో రెండు వైపులా బొమ్మ, అంచు మీద గీతలు ఒకేసారి పడతాయి. నాణెమైనా, బిళ్ళైనా, టోకెనైనా పద్ధతి ఇదే. కొన్ని వెండి వస్తువులు పోత పోసినవి ఉంటాయి. వాటికి ప్రెస్ ఉండదు కాబట్టి కింద చెప్పేవి వాటికి వర్తించవు.

జనగామ వాళ్ళకు పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పని తెలుసు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన కళ అది. అక్కడి కళాకారులు రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి బొమ్మను పైకి తెస్తారు. రెండు ద్వారపాలకుల బొమ్మలు ఒకేలా రావు, రావాలని ఎవరూ అనుకోరు కూడా. అందుకే అక్కడ తేడాను తప్పు అనం, చేతి పని అంటాం. ప్రెస్ వచ్చింది మాత్రం వెయ్యి బిళ్ళలూ ఒకేలా ఉండటం కోసం. అన్నీ ఒకేలా ఉండాల్సిన చోట ఒకటి వేరుగా వస్తే, ఆ తేడా మెషిన్ లోపల ఏం జరిగిందో మనకు చెబుతుంది. సేకరించేవాళ్ళను ఆకర్షించేది ఇదే.

తప్పు జరిగే మూడు చోట్లు

మొదటిది బ్లాంకులో. పట్టీ సరిగ్గా ముందుకు జరగకపోతే, పంచ్ అంతకుముందు కోసిన రంధ్రం మీద కొంత పడుతుంది. అప్పుడు బిళ్ళ అంచున నెలవంక ఆకారంలో ముక్క లోపిస్తుంది. పూరీలు దగ్గరదగ్గరగా కోసినప్పుడు ఒకటి కొరికినట్లు వస్తుందే, అలాగన్నమాట. దీన్ని 'క్లిప్' అంటారు. పట్టీలో మలినం ఉంటే పైపొర పొట్టులా లేస్తుంది. పట్టీ పలచగా సాగితే బరువు తగ్గుతుంది.

రెండోది అచ్చులో. ఉక్కు అచ్చు వేల దెబ్బలు తిని పగులుతుంది. ఆ పగులులోకి వెండి దూరి బిళ్ళ మీద సన్నని గట్టులా కనిపిస్తుంది. అచ్చు అంచు విరిగిపోతే ఆ చోట బొమ్మ లేకుండా బొడిపె వస్తుంది. బ్లాంకు పడకుండానే ప్రెస్ దిగితే రెండు అచ్చులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ తర్వాత వచ్చే బిళ్ళలన్నింటి మీదా అటువైపు బొమ్మ నీడ ఇటువైపు లీలగా పడుతుంది. ఒక అచ్చు బిగింపు వదులై తిరిగిపోతే రెండు వైపుల బొమ్మలూ ఒకే దిశలో నిలబడవు. ఒక్కోసారి జత కాని రెండు అచ్చులు కలిసిపోతాయి. ఒకవైపు ఒక సంస్థ గుర్తు, మరోవైపు ఇంకో సంస్థది. ఒకే ప్రెస్ మీద చాలామంది ఆర్డర్లు నడిచే ప్రైవేటు టోకెన్ల తయారీలో ఇలాంటిది జరిగే వీలుంది. సేకరించేవాళ్ళు దీన్ని 'మ్యూల్' అంటారు. అంటే కంచరగాడిద.

మూడోది దెబ్బలో. బ్లాంకు కాలర్‌లో సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ పక్కకు పడుతుంది. బిళ్ళ బయటికి రాకముందే రెండో దెబ్బ పడితే బొమ్మ రెండుసార్లు వస్తుంది. అచ్చులో నూనె, దారప్పోగు చిక్కుకుంటే ఆ చోట బొమ్మ మాసిపోతుంది. అన్నింటికంటే తమాషా అయినది 'బ్రాకేజ్'. కొట్టిన బిళ్ళ పై అచ్చుకే అతుక్కుపోయి, తర్వాతి బ్లాంకు మీద అదే అచ్చులా పనిచేస్తుంది. అప్పుడు కొత్త బిళ్ళకు ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్లు తిరగబడి, లోపలికి గుంటపడి వస్తుంది.

ఇప్పుడు మన లక్ష్మీదేవి దగ్గరకు వద్దాం. ఆమె పక్కకు జరగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. బిళ్ళను తిప్పి వెనకవైపు చూడండి. అటు కూడా అక్షరాలు అదే అంచువైపు జరిగి, పక్కన ఖాళీ వెండి మిగిలి, అంచు గీతలు పోయి ఉంటే, బ్లాంకు కాలర్‌లో కూర్చోలేదని అర్థం. వెనకవైపు అంతా సరిగ్గా మధ్యలో ఉండి, అంచు గీతలు కూడా నిండుగా ఉంటే, బ్లాంకు బాగానే కూర్చుంది, పై అచ్చే పక్కకు జరిగింది. బయటికి ఒకేలా కనిపించే తప్పుకు రెండు వేర్వేరు కారణాలు. వెనకవైపు చూడకుండా తేల్చలేం. పిల్లలు ఈ సంగతి కనిపెట్టినప్పుడు వాళ్ళ ముఖం చూడండి!

అచ్చుతప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

సేకరణలో అసలు పరీక్ష ఇదే. ఇంట్లో కింద పడి సొట్టపోయిన బిళ్ళ అచ్చుతప్పు కాదు. తయారీలో జరిగినదే తప్పు, తర్వాత జరిగినదంతా డ్యామేజీ. తేడా తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి.

పైకి లేచిన గీత అయితే అది అచ్చు పగులు నుంచి వచ్చి ఉంటుంది. బిళ్ళను గీకి ఎవరూ గట్టును పైకి లేపలేరు. లోపలికి దిగిన గీత చాలావరకు తర్వాత పడిన గీతే. దారప్పోగు లాంటివి చిక్కుకుని కూడా లోపలి గీత వస్తుంది కానీ, దాని అంచులు మృదువుగా ఉంటాయి. గోటితో తడిమినా తేడా తెలుస్తుంది.

క్లిప్ అసలుదా, ఎవరైనా ఆకురాయితో రుద్దిందా అని తెలియాలంటే లోపించిన ముక్కకు సరిగ్గా ఎదుటి అంచు చూడాలి. అంచు లేపే మెషిన్‌లో బ్లాంకు రెండు వైపుల నుంచీ నొక్కుకుంటుంది. ఒకవైపు ముక్క లేకపోతే ఎదుటి వైపున ఒత్తిడి తగ్గి అక్కడి అంచు కూడా బలహీనంగా వస్తుంది. దీన్ని 'బ్లేక్స్‌లీ ఎఫెక్ట్' అంటారు. అసలు క్లిప్పుల్లో చాలావాటికి ఈ గుర్తు ఉంటుంది. రుద్ది చేసిన దానికి ఎదుటి అంచు బలంగానే ఉంటుంది.

తిరగబడిన బొమ్మ లోపలికి పడి ఉంటే వెంటనే బ్రాకేజ్ అనుకోకూడదు. రెండు బిళ్ళల్ని కలిపి వైస్‌లో బిగించినా అలాంటి ముద్ర పడుతుంది. అలా బిగించిన దాని మీద అసలు బొమ్మ నలిగి, చదునై, అడుగున ఇంకా కనిపిస్తూ ఉంటుంది. అసలైన బ్రాకేజ్‌లో ఆ వైపు వేరే బొమ్మ ఆనవాలు ఉండదు.

తేడాలన్నీ తప్పులు కావు

మన ఊళ్ళల్లో కొన్ని దుకాణాల్లో పది రూపాయల నాణెం తీసుకోరు. "దీని మీద రూపాయి గుర్తు లేదు, నకిలీది" అంటారు. పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా ప్రకటించింది. డిజైన్ మారడం ప్రభుత్వ నిర్ణయం, అచ్చుతప్పు కాదు. పిల్లలకు ఈ తేడా తెలిస్తే దుకాణం దగ్గర మర్యాదగా చెప్పగలుగుతారు.

ఇంకో మంచి ఉదాహరణ నానమ్మ పెట్టెలో దొరకవచ్చు. నిజాం కాలపు హాలి సిక్కా రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. ఆ చార్మినార్ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. మీర్ మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెమైతే 'మీమ్', 1911 తర్వాత వచ్చిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపుదైతే 'ఐన్'. రెండూ పాలకుల పేర్లలోని మొదటి అక్షరాలు. తెలియనివాళ్ళు ఒకదాన్ని చూసి తప్పు అనుకోవచ్చు. ఇది రకం, తప్పు కాదు.

ఆ పెట్టెలోనే 'కల్దారు' రూపాయి, అంటే బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి కూడా ఉంటే పిల్లలతో ఒక లెక్క చేయించండి. హాలి సిక్కా రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. ఒక్కోదానిలో అసలు వెండి ఎంతో కట్టి, పెద్దదాన్ని చిన్నదానితో భాగించమనండి. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్లు అనే పాత మారకం రేటుకు చాలా దగ్గరగా వస్తుంది. శాతాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

మరి విలువ ఎంత?

నిజం చెప్పుకుందాం. అచ్చు తప్పిన వెండి బిళ్ళను మన ఊరి బంగారం దుకాణానికి తీసుకెళితే తూకం వేసి, ఆ రోజు వెండి ధర కట్టి, తరుగు తీసి ఇస్తారు. లక్ష్మీదేవి మధ్యలో ఉన్నా పక్కన ఉన్నా ధర ఒకటే. కొన్నప్పుడు కట్టిన మేకింగ్ ఛార్జీ, 3 శాతం జీఎస్టీ తిరిగి రావు. అచ్చుతప్పుకు అదనపు ధర ఇచ్చేది దాన్ని కోరుకునే మరో సేకర్త మాత్రమే. ప్రైవేటు బిళ్ళల అచ్చుతప్పుల్ని కొనేవాళ్ళు మన దేశంలో చాలా తక్కువ.

అయితే పిల్లల అభిరుచిగా చూస్తే ఇది మేలే. పెద్ద ధర లేదు కాబట్టి మోసం చేయాలనే ఆశ తక్కువ. వెండికి లోహపు ధర ఎలాగూ ఉంటుంది కాబట్టి పెట్టిన డబ్బు పూర్తిగా పోదు. పాత ఇత్తడి టోకెన్లైతే తుక్కు ఖరీదుకే దొరుకుతాయి.

ప్రమాదం ఇంకో చోట ఉంది. "మీ దగ్గర వైష్ణోదేవి అయిదు రూపాయల నాణెం ఉందా? పది లక్షలిస్తాం" అంటూ ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. ఆ నాణెం శ్రీ మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవం కోసం 2012 సంవత్సరంతో ప్రభుత్వం విడుదల చేసినదే. చెలామణిలో ఎందరి చేతుల్లోనో తిరిగింది. వీడియో నమ్మి ఫోన్ చేస్తే మొదట పొగుడుతారు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత పన్ను, కమీషన్ అంటూ వరుసగా డబ్బు కట్టించుకుంటారు. రిజర్వ్ బ్యాంకు పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. పాత నాణేలు, నోట్ల కొనుగోళ్ళతో తనకు సంబంధం లేదనీ, ఎలాంటి ఛార్జీలూ కమీషన్లూ అడగననీ చెప్పింది.

పిల్లలు మీ ఫోన్‌లోనే ఈ వీడియోలు చూస్తారు. ఇంట్లో ఒకే ఒక్క నియమం పెట్టండి: అమ్మే ముందు డబ్బు కట్టమన్నవాడు కొనేవాడు కాదు. అప్పటికే డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. తిడతామనే భయంతో పిల్లలు దాచిపెట్టకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

దాచేటప్పుడు, కొనేటప్పుడు

వెండి నల్లబడగానే విభూతితోనో, పళ్ళపొడితోనో, చింతపండుతోనో తోమడం మనకు అలవాటు. పూజ సామాన్లకు సరే గానీ, సేకరణలో పెట్టే బిళ్ళను అలా తోమకూడదు. తోమితే సన్నని గీతలు పడి, అచ్చు పగులు లాంటి ఆనవాళ్ళు అరిగిపోతాయి. నలుపు అంటే గాలిలోని గంధకపు సమ్మేళనాలతో వెండి కలిసి ఏర్పడే సిల్వర్ సల్ఫైడ్ పొర. రబ్బరు బ్యాండు చుట్టి పెడితే ఇంకా త్వరగా వస్తుంది. పీవీసీ కవర్లు కూడా వద్దు. బిళ్ళను అంచులు పట్టుకుని తీయాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు.

కొనేటప్పుడు 'జర్మన్ సిల్వర్' అనే మాట దగ్గర ఆగండి. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. అందులో వెండి ఉండదు. అయస్కాంతం పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే వెండి గానీ జర్మన్ సిల్వర్ గానీ అయస్కాంతానికి అంటుకోవు. బిళ్ళ కొంటే బరువు, స్వచ్ఛత ముద్రించిన సీలు ప్యాకింగులోనే, బిల్లుతోనే తీసుకోండి. వెండి నగలు, వస్తువులకు 2025 సెప్టెంబరు 1 నుంచి హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ స్వచ్ఛంద పద్ధతిలో వచ్చింది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

చట్టం గురించి రెండు మాటలు

ఉత్సాహంలో పిల్లలు సుత్తి తీసుకుని రూపాయి నాణేల మీద తామే తప్పులు సృష్టించాలని చూడవచ్చు. ప్రభుత్వ నాణేలను కరిగించడం, నాశనం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ప్రయోగాలన్నీ పిండితోనే చేయించండి.

ఇక మనది పాత ఊళ్ళ ప్రాంతం. 2021 ఏప్రిల్‌లో పెంబర్తి దగ్గర భూమి చదును చేస్తుండగా బంగారు, వెండి ఆభరణాలున్న రాగి బిందె బయటపడిన సంగతి జనగామ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దాన్ని అధికారులు స్వాధీనం చేసుకున్నారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్ళు దాటిన నాణేలు పురావస్తువుల కిందకు వస్తాయి. ఇష్టమొచ్చినట్లు విదేశాలకు పంపడం కుదరదు. పొలంలో పాత నాణెం దొరికితే కడగకుండా, ఎక్కడ దొరికిందో రాసిపెట్టి, ముందుగా అధికారులకు చెప్పడం పిల్లలకు నేర్పండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. పిండి టంకశాల: చపాతీ పిండిని ఒత్తి డబ్బా మూతతో బిళ్ళలు కోయండి. శుభ్రంగా కడిగిన గుండీనో, బొమ్మ ఉన్న పాత టోకెన్‌నో అచ్చుగా వాడండి. సరిగ్గా ఒకటి, పక్కకు జరిపి ఒకటి, రెండుసార్లు నొక్కి ఒకటి, కొరికినట్లు కోసి ఒకటి చేయండి. ఒకరు చేయాలి, ఇంకొకరు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. ఆ పిండి మాత్రం తినడానికి వాడకండి.

2. తిప్పే పరీక్ష: రూపాయి నాణెంలో సింహాలు నిటారుగా ఉండేలా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్లు పక్కకు తిప్పండి. రెండోవైపు కూడా నిటారుగా ఉండాలి. మన నాణేల అమరిక అది. అమెరికా నాణేలను కిందకు తిప్పితేనే రెండోవైపు నిటారుగా వస్తుంది. ఇంట్లో ఉన్న యాభై నాణేలను ఇలా తిప్పి, ఏదైనా ఒరిగి ఉందేమో చూడండి. వెండి బిళ్ళలకు ఏ అమరిక అన్నది తయారీదారు ఇష్టం. కాబట్టి ఒక్కటి చూసి తప్పు అనకండి, అదే కంపెనీవి రెండు పోల్చండి.

3. సాంద్రత పరీక్ష: గ్రాములో వందో వంతు చూపే తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్ళను సన్నని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ళలో ముంచండి. తూకం చూపే గ్రాములే బిళ్ళ ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. వెండి సాంద్రత 10.49. కాబట్టి 20 గ్రాముల వెండి బిళ్ళకు 1.9 దగ్గర రావాలి. జర్మన్ సిల్వర్ అయితే 2.3 చుట్టూ వస్తుంది. ఇంట్లో తూకం లేకపోతే సైన్స్ టీచర్‌ను అడగమనండి.

4. తప్పుల పుస్తకం: ఒక నోటుబుక్‌లో ప్రతి బిళ్ళకూ ఒక పేజీ. బరువు, వ్యాసం, రెండు వైపుల స్కెచ్, 'తప్పు ఎక్కడ జరిగింది: బ్లాంకులోనా, అచ్చులోనా, దెబ్బలోనా', 'ఎందుకలా అనుకుంటున్నాను'. తేలకపోతే 'తేలలేదు' అని రాయడం కూడా నేర్పండి.

సెలవు రోజున హైదరాబాద్ వెళితే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో ఏర్పాటు చేసిన ప్రదర్శననూ, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగాన్నీ చూపించండి. బయలుదేరే ముందు తెరిచి ఉంటాయో లేదో కనుక్కోండి. మన తెలంగాణ నేలలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల్లో బొమ్మ పక్కకు జరిగినవి చాలా కనిపిస్తాయి. వాళ్ళకు కాలర్ లేదు మరి. కారణం పిల్లలే చెప్పగలుగుతారేమో అడిగి చూడండి.

చివరిగా ఒక మాట. త్వరలో యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి వస్తాయి. ఎర్ర ఇంకు గీత కనిపించగానే "ఎన్ని మార్కులు పోయాయి?" అని అడిగే ముందు, ఈ బిళ్ళను గుర్తు తెచ్చుకోండి. ఆ లెక్క తప్పింది ప్రశ్న చదవడంలోనా, సూత్రంలోనా, చివర్లో కూడికలోనా? బయటికి ఒకేలా కనిపించే తప్పుకు కారణాలు వేరు కావచ్చు. ఒకసారి పేపరును కూడా తిప్పి, మీ అబ్బాయితోనో అమ్మాయితోనో కలిసి వెనకవైపు చూడండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బ్రాంచీల పిల్లలు తమ తప్పుల పుస్తకంలోంచి ఒక పేజీని క్లాస్ టీచర్‌కు ఇవ్వవచ్చు. వెండి బిళ్ళల్ని మాత్రం స్కూలుకు పంపకండి. స్కెచ్ చాలు.